రాజధాని జరిగితే దూరం ఎవరికి?

రాజధాని విస్తరణపై ప్రశ్న వస్తే రద్దీ, కాలుష్యం, భూముల ధరలు అని రాసేస్తాం. నేను మాత్రం ముందు బస్సు గురించి ఆలోచిస్తాను.

నవ రాయ్‌పూర్ చూడండి. 2000లో ఛత్తీస్‌గఢ్ ఏర్పడింది. 2012లో సచివాలయం పాత రాయ్‌పూర్ నుంచి సుమారు 20 కిలోమీటర్ల దూరంలోని కొత్త నగరానికి మారింది. వెడల్పాటి రోడ్లు, మహానది భవన్, ఇంద్రావతి భవన్ వచ్చాయి. కానీ ఉద్యోగుల్లో చాలామంది ఏళ్ల తరబడి పాత నగరంలోనే ఉండి రోజూ బస్సుల్లో వెళ్లొచ్చారు. ఫైళ్లు మారినంత తేలిగ్గా బడులు, ఆస్పత్రులు, అంగళ్లు మారవు. భూములు పోయిన రైతులు 2022లోనూ పరిహారం, పునరావాసం కోసం ధర్నాకు కూర్చున్నారు.

మా జిల్లాలోనూ ఒక పెద్ద కార్యాలయం ఊరి బయటికి వెళ్లింది. ఇప్పుడు పింఛను పనికి వెళ్లిన ప్రతిసారీ అమ్మకు ఒక రోజు కూలి పోతోంది. కొత్త భవనం బాగుంది. అక్కడికి నేరుగా బస్సు లేదు.

తరలింపు తప్పని నేను అనను. నగరం పెరిగితే పాలనకూ చోటు కావాలి. అయితే రవాణా, ఇళ్లు, పునరావాసం ముందు, ప్రారంభోత్సవం తర్వాత. జవాబు చివర ‘సమతుల్య అభివృద్ధి’ అని రాసి ఆపేయకండి. ఎవరి ప్రయాణం తగ్గింది, ఎవరిది పెరిగింది అన్న లెక్క కూడా రాయండి.