ఆకు ఊడ్చే ఖర్చు, ఆకు ఎత్తే ఖర్చు

మా ఇంటి జమాఖర్చుల పుస్తకంలో పాలు, పేపరు, కరెంటు తర్వాత ‘ఆకులు’ అని ఒక పద్దు ఉంటుంది. రైల్వే అకౌంట్స్‌లో పనిచేసి రిటైరైనవాణ్ని. పైసా బయటికి వెళ్తే అది ఏ పద్దు కిందికి వెళ్లిందో రాసుకోకపోతే నాకు తోచదు. జూన్ నుంచి జనవరి దాకా ఆ పద్దు దాదాపు ఖాళీగా ఉంటుంది. ఫిబ్రవరి వచ్చిందంటే మాత్రం పేజీ చాలదు.

సైనిక్‌పురిలో మాది పాత ఇల్లు, ఆరువందల గజాల స్థలం. లోపల రెండు వేపలు, ఒక మామిడి, ఒక బాదం. ప్రహరీకి ఆనుకుని సందులో పెద్ద నిద్రగన్నేరు. వేప, నిద్రగన్నేరు శివరాత్రికి అటూ ఇటూగా మొదలుపెట్టి ఉగాది దాటేదాకా రాలుస్తూనే ఉంటాయి. మారేడ్‌పల్లి అయినా, తిరుమలగిరి అయినా, సికింద్రాబాద్‌లో పాత ఇళ్లూ పాత చెట్లూ మిగిలిన ఏ వీధిలోనైనా ఆ పది వారాలూ ఇదే వరస.

ఆకులు ఊదే మిషను, అదే బ్లోయరు, కొనకముందు లెక్క ఇలా ఉండేది. రోజూ వాకిలి ఊడ్చే ఆమె జీతం వేరు, అది ఇందులో కలపను. ఆకు రాలే కాలంలో పని ఆమె ఒక్కదాని వల్ల కాదు కాబట్టి వారానికి రెండు పూటలు ఇంకో మనిషిని పిలిచేవాళ్లం. పూటకు 500 చొప్పున పది వారాలకు 10,000. పోగుపడిన బస్తాలు తరలించడానికి వారానికో ట్రాలీ ఆటో, 600. అది 6,000. వెరసి 16,000. పొద్దున్నే వచ్చే చెత్త ఆటో వంటింటి తడి చెత్తకూ పొడి చెత్తకూ సరిపోతుంది గానీ డజను ఆకుల బస్తాలు దానికెక్కించడం కుదిరే పని కాదు. అగ్గిపుల్ల గీసి పడేద్దామంటే ఘన వ్యర్థాల నిబంధనలు ఒప్పుకోవు. తోట చెత్తను ఎవరి ఆవరణలో వాళ్లు విడిగా పెట్టుకుని, స్థానిక సంస్థ చెప్పిన తీరున పంపాలి, కాల్చకూడదు. ఢిల్లీలో అయితే 2015లోనే జాతీయ హరిత ట్రిబ్యునల్ బహిరంగంగా ఆకులు కాల్చినవాళ్లకు 5,000 జరిమానా అంది.

బ్లోయరు కొందామన్న ఆలోచనతో రాణీగంజ్ వెళ్లాను. పంపుసెట్లు, మోటార్లు, బేరింగులు, కోత మిషన్లు అన్నీ దొరికే బజారది. అక్కడ నాకు చూపించినవి మూడు రకాలు. ఏసీలూ కంప్యూటర్లూ దులిపే ఆరువందల వాట్ల చిన్న కరెంటు బ్లోయరు, మూడు వేల లోపు. ఊదడం, పీల్చడం రెండూ చేసే మూడు వేల వాట్ల కరెంటు మిషను, తొమ్మిది పది వేలు. ఇక పెట్రోలువి. పేరు లేని రకం 9,000కు వస్తుందన్నారు. పేరున్నది, పీల్చే గొట్టం, సంచి కలిపితే 24,000. ఇంజను పరిమాణంలో పెద్ద తేడా లేదు, ఇరవయ్యారు నుంచి ఇరవై ఎనిమిది సీసీ.

ఇంటికొచ్చి ఈ ధరలు మా ఆవిడకు చదివి వినిపిస్తుంటే వాకిలి ఊడ్చే ఆమె కూడా విన్నది. “మిషన్ ఊదుతది సారూ, మంచిగనే ఉంటది. కుప్ప ఎవరు ఎత్తాలె?” అన్నది.

ఎన్నో బడ్జెట్ ఫైళ్లు తిరగేసిన నాకు ఆ ఒక్క ప్రశ్నతో అసలు పద్దు ఎక్కడుందో తెలిసింది. బ్లోయరు ఆకును ఒకచోటి నుంచి ఇంకోచోటికి జరుపుతుంది, అంతే. ఊడ్పు కూలి కొంత తగ్గుతుంది. బస్తాలూ ట్రాలీ ఆటో ఎక్కడికీ పోవు. పీల్చే అమరిక పని వేరు. గాలి పంకా దగ్గరే ఉన్న రెక్కలు ఆకును ముక్కలు చేసి భుజానికి వేలాడే సంచిలోకి తోస్తాయి. పది సంచుల ఆకు ఒక సంచి అవుతుందని తయారీదార్లు చెప్పుకుంటారు. బాదం ఆకు విషయంలో ఆ మాట దాదాపు నిజమే. వేపాకు ముందే చిన్నది, దాని దగ్గర అంత తేడా రాదు. ఏదైనా, అలా నలిగిన ఆకు పెరటి గుంతలో పడితే బయటికి పంపాల్సిన పని లేదు. ఎండుటాకు ఒక్కటే పోస్తే ఏడాదైనా అలాగే పొరలు పొరలుగా అట్టకట్టి ఉంటుంది. ముక్కలు చేసి, వంటింటి తడి చెత్త, కాస్త పేడనీళ్లు కలిపితే వానాకాలం నాటికి మొక్కలకు వేసుకోవచ్చు.

ఇక 9,000దా, 24,000దా? ధరను ధరతో పోలిస్తే తేలదు, గంటలతో భాగించాలి. అమెరికా పర్యావరణ సంస్థ ఇలాంటి చేతి ఇంజన్లను ఎన్ని గంటల వాడకం దాకా పొగ ప్రమాణాలు నిలబెట్టుకోవాలన్న దాన్ని బట్టి 50, 125, 300 గంటల తరగతులుగా విడదీసింది. అది ఇంజను ఆయుష్షు కాదు, కానీ కొలతకు ఒక కర్ర దొరికింది. తేలిక రకాన్ని 50 గంటలకు, గట్టి రకాన్ని 300 గంటలకు పంచితే మొదటిది గంటకు 180 రూపాయలు, రెండోది 80. చవకది ఖరీదైంది, ఖరీదైంది చవకైంది.

కానీ ఇక్కడే ఆగితే లెక్క సగమే. వారానికి రెండు గంటల చొప్పున పది వారాలకు మా ఇంటి వాడకం 20 గంటలు. మూడువందల గంటలు అరగదీయాలంటే నాకు పదిహేనేళ్లు పట్టాలి. అప్పటిదాకా పెట్రోలు గొట్టాలు, కార్బొరేటరులోని పల్చటి రబ్బరు పొరలు ఊరికే ఉండవు, వాడినా వాడకపోయినా ఎండి పగులుతాయి. అంటే ఒక్క ఇంటికి 24,000 మిషను దండగ. మూడిళ్లు కలిస్తే ఏడాదికి 60 గంటలు, ఐదేళ్లలో 300. అప్పుడు తలా 8,000. పక్కింటి రిటైర్డ్ కర్నల్ గారితోనూ ఎదురింటి టీచరమ్మ గారితోనూ మాట్లాడితే ఇద్దరూ సరేనన్నారు. షరతులు ఒక కాగితం మీద రాసుకున్నాం. పెట్రోలు ఎవరిది వాళ్లది, సర్వీసింగు ముగ్గురిదీ, విరిగితే ఎవరి చేతిలో విరిగిందని అడగకుండా ముగ్గురం పంచుకోవడం. ఆ చివరి షరతు కర్నల్ గారిది. అదే లేకపోతే మూడో వారానికి పలకరింపులు ఆగిపోయేవని నా అనుమానం.

ఫోనులో అదే మిషనుకు ‘వడ్డీ లేని ఈఎంఐ’ అని ఊరించారు. వడ్డీ లేని అప్పంటూ ఉండదని రిజర్వ్ బ్యాంకు 2013 సెప్టెంబరులోనే బ్యాంకులకు చెప్పింది. ఆ వడ్డీ ప్రాసెసింగ్ ఫీజులో ఉంటుంది, లేదా రొక్కమిచ్చేవాడికి దక్కే తగ్గింపులో దాక్కుంటుంది. రాణీగంజ్‌లో ఒకేసారి ఇస్తామంటే పాతికవేల పైచిలుకు చెప్పిన ధర 24,000కు దిగింది. ఆ దిగినదే వడ్డీ.

చేతక్, ఆర్ఎక్స్ హండ్రెడ్ నడిపిన తరానికి ఈ ఇంజను కొత్త కాదు. టూ స్ట్రోక్. పెట్రోల్లో టూటీ ఆయిలు కలపాలి. మాది లీటరుకు 20 మిల్లీలీటర్లు. ఎక్కువైతే పొగ, ప్లగ్గు నల్లబడడం. తక్కువైతే పిస్టను పట్టేస్తుంది. అందాజాగా పోయొద్దని, ఆయిలుకు మందుసీసా మూతలాంటి కొలత గిన్నె ఒకటి మిషనుకే కట్టేశాం. పూర్తి దమ్ము మీద నడిస్తే గంటకు అరలీటరు పైనే తాగుతుంది.

ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోల్లో ఇరవై శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. ఇలాంటి చిన్న ఇంజన్ల మాన్యువళ్లు చాలావరకు పది శాతం దాకానే ఒప్పుకుంటాయి. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది, నిలవుంటే కార్బొరేటరును పాడు చేస్తుంది. అందుకని లీటరు కంటే ఎక్కువ కలపం. సీజను అయిపోగానే ట్యాంకు ఒంపేసి, మిగిలిన చుక్కలు కూడా కాలి ఇంజను దానంతటదే ఆగేదాకా నడిపి అటకెక్కిస్తాం. పెట్రోలు మిషన్లలో చాలా రిపేర్లు వాడినందుకు కాదు, పెట్రోలుతో వదిలేసినందుకు వస్తాయని మెకానిక్ చెప్పిన మాట. మేం ఆ మాట పాటిస్తున్నాం కాబట్టి ఇంతవరకు ప్లగ్గు, ఎయిర్ ఫిల్టరు తప్ప ఏదీ మార్చలేదు.

మాన్యువల్లో లేనివి కొన్ని సికింద్రాబాద్ నేర్పుతుంది. సంక్రాంతికి తెగిన గాలిపటాల మాంజా నెల తర్వాత కూడా ఆకుల్లో కలిసి ఉంటుంది. నైలాన్ మాంజాను 2017లోనే హరిత ట్రిబ్యునల్ నిషేధించినా మా చెట్ల మీద మాత్రం ఏటా దిగుతూనే ఉంది. అది పీల్చే గొట్టంలోకి పోయిందంటే పంకా ఇరుసుకు చుట్టుకుంటుంది. అందుకే ముందు ఊదడం, కుప్పను ఒకసారి దంతెతో కెలకడం, దారాలు, రాళ్లు, పుల్లలు ఏరేయడం, ఆ తర్వాతే పీల్చడం. నిద్రగన్నేరు కాయలు ఇంకో తలనొప్పి. లోపలి జిగురు గుజ్జు రెక్కలకు పట్టుకుంటుంది. ఏప్రిల్లో కాయలు ఎక్కువయ్యాక ఆ చెట్టు కింద పొరకకే పని. మంచు తడి ఆరనిదే పీల్చకూడదు. ఉగాది ముందు వారం వేపల కింద మిషనుకు సెలవు. మా ఆవిడ దుప్పటి పరిచి పువ్వు పోగుచేసుకునే రోజులవి. పచ్చడికే కాదు, ఏడాది పొడుగునా చారులోకి.

చప్పుడు సంగతి దాచి లాభం లేదు. నివాస ప్రాంతాల్లో పగటిపూట 55 డెసిబెల్స్ అని 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు అంటాయి. ఈ మిషను పట్టుకున్నవాడి చెవి దగ్గర 90 దాటుతుంది. చెవులకు మఫ్‌లు, ముక్కుకు మాస్కు లేకుండా ఎవరి చేతికీ ఇవ్వం. ఆకు రాలే కాలమూ ఇంటర్ పరీక్షల కాలమూ ఒకటే. పిల్లలు తొమ్మిది నుంచి పన్నెండు దాకా పరీక్ష హాల్లో ఉంటారు కాబట్టి పరీక్ష ఉన్న రోజునే, ఆ మూడు గంటల్లోనే మా సందులో మిషను మోగుతుంది. టీచరమ్మ గారు టైం టేబుల్ పంపిస్తారు.

పొగ మాత్రం నా పుస్తకంలో ఏ పద్దు కిందా చేరని ఖర్చు. వాణిజ్యపు బ్లోయరు ఒక గంట నడిస్తే పొగమంచుకు కారణమయ్యే కాలుష్యం, 2017 మోడల్ క్యామ్రీ కారు 1,100 మైళ్లు నడిచినంత అని కాలిఫోర్నియా వాయు వనరుల బోర్డు లెక్కగట్టింది. ఇంచుమించు 1,770 కిలోమీటర్లు. సికింద్రాబాద్‌లో ఎక్కినవాడు ఢిల్లీ దాటిపోతాడు. వాషింగ్టన్ నగరంలో 2022 జనవరి 1 నుంచి పెట్రోలు బ్లోయర్ల వాడకమే ఆపేశారు. కాలిఫోర్నియా 2021లో చట్టం చేసి, 2024 నుంచి తయారయ్యే ఇలాంటి చిన్న ఇంజన్ల నుంచి పొగ సున్నా కావాలంది. మరి కరెంటుది ఎందుకు కొనలేదని ఎవరైనా అడగొచ్చు. మూడు వేల వాట్ల మిషను 20 గంటలు నడిస్తే 60 యూనిట్లు, యూనిట్ 9 రూపాయలనుకున్నా 540. పెట్రోలు కంటే చాలా చవక. దానికి పదహారు ఆంపుల ప్లగ్గు, మందపాటి వైరు కావాలి; మా ఆకులో సగం పైన సందులో పడుతుంది, మూడిళ్ల మధ్య రోడ్డు ఉంది. వాహనాలు తిరిగే సందుకు అడ్డంగా కరెంటు తీగ పరవడం నాకు ఇష్టం లేదు. ఆకంతా ప్రహరీ లోపలే రాలే ఇల్లయితే నేనూ కరెంటుదే కొనేవాణ్ని. రెండువందల గజాల ఇల్లు, గేటు దగ్గర ఒక కానుగ చెట్టు ఉన్నవాళ్లకు ఇవేవీ అక్కర్లేదు. పొరక చాలు.

ఇప్పుడు సీజను లెక్క. మనిషి వారానికి ఒక్క పూటే వస్తున్నాడు, మిషను పని తెలిసినవాడు కాబట్టి 500 కాదు, 700. పది వారాలకు 7,000; కూలిలో మిగులు 3,000. ట్రాలీ ఆటో అసలే రాదు కాబట్టి అక్కడ 6,000. ఈ తొమ్మిది వేలలోంచి పన్నెండు లీటర్ల పెట్రోలు, ఆయిలు కలిపి 1,450. సర్వీసింగులో మా వాటా 550. నికరంగా మిగిలింది 7,000. నేను పెట్టిన 8,000 రెండో సీజను మొదట్లోనే తిరిగొచ్చింది. పీల్చే అమరిక లేకుండా ఉత్త బ్లోయరే కొని ఉంటే మిగిలేది కూలిలోని 3,000. దాంట్లోంచి పెట్రోలు, సర్వీసింగు పోతే వెయ్యి. నర్సరీలో కొనే ఎరువు బస్తాలు తగ్గాయి గానీ అది పెద్ద మొత్తం కాదు, లెక్కలో కలపలేదు. ఆ మనిషికి మా ఇంట్లో తగ్గిన 3,000 మాత్రం పుస్తకంలో మిగులు కింద ఉంది, అతని ఇంట్లో తరుగు కింద ఉంటుంది. మిగతా రెండిళ్లలోనూ మిషను అతనే నడిపేట్టు మాట్లాడాం. అతని సీజను రాబడి ఇప్పుడు 21,000.

రెండు సీజన్లు గడిచాక సందు చివరి ఇంటి కుర్రాడు వచ్చాడు. “అంకుల్, నేను కూడా కలుస్తాను. పాత మిషనే కదా, ఎంతిమ్మంటారు?” అని. ఐదేళ్లకు సమంగా తరుగు కడితే 24,000లో రెండేళ్లకు 9,600 పోయి 14,400 మిగిలింది. గంటల లెక్కన చూసినా 300లో 120 అయిపోయాయి, మళ్లీ అదే 14,400. నాలుగో వాటా 3,600 అవుతుంది, పాత ముగ్గురికీ తలా 1,200 వెనక్కి వస్తుంది. కానీ నాలుగిళ్లయితే ఏడాదికి 80 గంటలు. మిగిలిన 180 గంటలు మూడేళ్లు కాదు, రెండేళ్ల పైచిలుకులోనే అయిపోతాయి. కాబట్టి 3,600తో పాటు ఇకనుంచి వాడిన ప్రతి గంటకూ 80 రూపాయలు ఉమ్మడి డబ్బాలో వేయాలని, కొత్త మిషనుకు అదే పెట్టుబడి అని చెప్పాను. కుర్రాడు సాఫ్ట్‌వేరు ఉద్యోగి, ఒక్క క్షణంలో ఒప్పుకున్నాడు. ఒప్పుకోనిది కర్నల్ గారు. తన వేపకు ఆకు తక్కువని, గంటకు కాకుండా సంచికి ఇంత అని పెట్టాలని ఆయన వాదన. వచ్చే ఆదివారం మా వరండాలో మీటింగు.