ఎంకిడు పోయాక, గురజాడ పోయాక

పాత మెసొపొటేమియా ఇతిహాసంలో, ప్రాణస్నేహితుడు ఎంకిడు చచ్చిపోతే గిల్గమేష్ ఆరు పగళ్లు, ఏడు రాత్రులు శవాన్ని పూడ్చనివ్వలేదట. ముక్కులోంచి పురుగు రాలిపడేదాకా పక్కనే కూచున్నాడు. ఉరుక్ నగరానికి రాజు, అయితే ఏం! తర్వాత తనకూ చావు తప్పదన్న భయం పట్టుకుని దేశాలు తిరిగాడు. చివరికి దొరికిన, ముసలితనం పోగొట్టే మొక్కనీ, నీళ్లలో దిగి స్నానం చేస్తుంటే పాము తన్నుకుపోయింది.

ఈ కథ చదువుతుంటే మన విజయనగరం స్నేహితులే గుర్తొచ్చారు. గురజాడ అప్పారావు, గిడుగు రామమూర్తి కలిసి చదువుకున్నవాళ్లు. వాడుక భాషలోనే రాయాలన్న గొడవలో ఒకే జట్టు. 1915 నవంబరు 30న గురజాడ పోయారు, 53 ఏళ్లకే. గిడుగు వారికి అప్పటికే యాభై దాటాయి. సవర గిరిజనుల కొండల్లో పట్టిన మలేరియాకి క్వినైన్ మింగి మింగి చెవులు పోగొట్టుకున్న మనిషి. (వినపడకపోయినా పండితులతో వాదనకి మాత్రం ఎప్పుడూ సిద్ధమే!) 1919లో ‘తెలుగు’ అని పత్రిక పెట్టారు. ఊరూరా సభలు. 1940 జనవరిలో, పోయే ముందు కూడా, పత్రికల వాళ్లకి వాడుక భాషలో రాయమనే మనవి.

మొక్క కోసం పరిగెత్తిన రాజుకన్నా, స్నేహితుడితో మొదలెట్టిన పనిని అతను పోయాక కూడా పాతికేళ్లు లాక్కొచ్చిన, పర్వతాలపేటలో పుట్టిన ఈ గిడుగు పెద్దాయనే నాకు గొప్ప.