బిళ్ళగన్నేరు ఆకు లోపల

విశాఖపట్నం



నీ ఉత్తరం అందింది. మీ వార్డులో ల్యుకేమియా పిల్లల్లో కొందరికి ఆస్పరాజినేజ్ పడటం లేదని, ఎక్కిస్తూండగానే దద్దుర్లు, ఆయాసం వస్తున్నాయని రాశావు. ఇక్కడ నేను వెతుకుతున్నదీ ఆ ఎంజైము కోసమే.

బిళ్ళగన్నేరు అనగానే నీకు అందులోంచి తీసే మందు విన్‌క్రిస్టిన్ గుర్తొస్తుంది. నాకు కావలసింది మాత్రం ఆ ఆకు లోపల, మొక్కకి ఏ జబ్బూ చెయ్యకుండా బతికే బూజు; అది ఆ ఎంజైముని తయారుచేస్తుందేమోనని. 1993లో అమెరికాలో స్టీర్లె, స్ట్రోబెల్ బృందం పసిఫిక్ యూ చెట్టు బెరడులోని శిలీంధ్రం టాక్సాల్ అనే కాన్సర్ మందుని తయారుచేస్తోందని ప్రకటించాక, మందుమొక్కల లోపల వెతకడం చాలా దేశాల్లో ఊపందుకుంది. మనకి సింహాచలం కొండ ఉంది, కంబాలకొండ ఉంది. పోర్టు వైపు గోడల పక్కన బొగ్గు దుమ్ము కప్పుకుని కూడా బిళ్ళగన్నేరు పూస్తూనే ఉంటుంది.

ఆ దుమ్ముతోనే అసలు పేచీ. ఆకుని కుళాయి కింద కడిగి, స్పిరిట్‌లో, బ్లీచింగ్ ద్రావణంలో ముంచి తీసి, ముక్కలు కోసి అగార్ మీద పెడతాం. చివరిసారి కడిగిన నీళ్లని ఇంకో ప్లేటులో పోసి చూస్తాను. అందులో ఏదైనా మొలిచిందా, ఆకు ముక్కలోంచి వచ్చిన బూజుని లోపలిదని చెప్పలేం. ఆ ప్లేట్లన్నీ పారేయాల్సిందే.

మిగిలినవాటిని ఆస్పరాజిన్, ఫినాల్ రెడ్ కలిపిన అగార్ మీదికి మారుస్తాం. ఎంజైము ఉంటే ఆస్పరాజిన్ విరిగి అమ్మోనియా పుడుతుంది, పసుపు కాస్తా గులాబీ రంగుకి తిరుగుతుంది. ఆ రంగు చూస్తే ఇప్పటికీ గుండె ఝల్లుమంటుంది. కానీ అమ్మోనియా వేరే దారుల్లోనూ పుట్టొచ్చు. ఆస్పరాజిన్ లేని ప్లేటు పక్కన పెట్టి చూడందే నేను నోరు విప్పను. గ్లూటమిన్‌ని కూడా విరగ్గొడుతోందా అన్నది ఆ తర్వాత చూడాలి.

ఇప్పుడు మీరు వాడేవి బాక్టీరియా నుంచి వచ్చినవి. వాటికి ఒళ్లు ఎదురుతిరిగిన పిల్లకి శిలీంధ్రం ఎంజైము పడుతుందేమోనని నా ఆశ. అదీ ఒంటికి పరాయి ప్రోటీనే, కాబట్టి గట్టిగా చెప్పలేను. మందు కాకపోయినా శ్రమ వృథా కాదులే: బంగాళాదుంప చిప్స్‌లో యాక్రిలమైడ్ తగ్గించడానికి ఆస్పర్‌జిల్లస్ శిలీంధ్రాల ఆస్పరాజినేజ్‌ని ఇప్పటికే వాడుతున్నారు. కానీ నా మనసంతా మీ వార్డు మీదే.

అందుకే అడుగుతున్నాను. మీ పిల్లల్ని ఎక్కువ బాధపెడుతున్నది అలర్జీయా, పాంక్రియాస్ వాపా, రక్తం గడ్డకట్టడమా? వివరంగా రాయవే. ఏ పరీక్ష ముందు పెట్టుకోవాలో దాన్నిబట్టి తేల్చుకుంటాను.

నీ
నేస్తం