తుంగభద్ర యొడ్డున నొక పాత యింజను

ఆదోనినుండి యెమ్మిగనూరునకు సుమారు 30 కిలోమీటర్లు. ఆదోని ప్రత్తి వ్యాపారమునకు బేరుగన్న పట్టణము. కొండలపై విజయనగరకాలపు దుర్గ మిప్పటికిని గానవచ్చును. పొలిమేర దాటిన తోడనే నల్లరేగడి చేలు. వాన కురిసిన యేడు పంట, కురియని యేడు బీటలు. 1953లో నీరు నిండిన తుంగభద్ర జలాశయమునుండి దిగువకాలువ యీ సీమకు వచ్చుచున్నది గాని, ప్రతి చేనికిని నీ రందుట లేదు.

ఎమ్మిగనూరు మగ్గముల యూరు. మాచాని సోమప్పగారు 1938లో స్థాపించిన చేనేత సహకారసంఘమువలన దాని పేరు దూరదేశములందును వినబడినది. మేము మగ్గముల చప్పుడు వినుచు నూరు దాటి, యుత్తరముగా నాగలదిన్నె వైపు పోయితిమి. అచ్చట తుంగభద్ర, ఆవలి యొడ్డు తెలంగాణము.

ఒడ్డున తుమ్మచెట్టు నీడను ఒక పాత డీజిలు యింజనును, దానికి బిగించిన పంపును ఉండెను. 2009 అక్టోబరులో మంత్రాలయమును ముంచిన వరద యీ యింజనును గూడ ముంచెనట. విప్పి, తుడిచి, నూనెవేసి మరల నడిపించుకొనిరట. మేము పోయిననాటికి పంపు చెడి మూడు దినములయ్యెను. వరి పాలుపోసుకొను తరుణము, మడి బీటలువారుచుండెను.

సోదరీమణులారా, పంపు నీటిని లాగునని మన మందుము. నిజమునకు పంపులోని నీరు ముందునకు పోగా నచట నొత్తిడి తగ్గును. బయటిగాలి యొత్తిడియే నదినీటిని గొట్టములోనికి ద్రోయును. ఎంత మంచి పంపైనను ఇట్లు 10 మీటర్లకు మించి నీటిని పైకి తేజాలదు. ఎక్కడనైన గాలి చొరబడిన పని చెడును. ఇచట నదియిసుక లోనిచక్రపు రేకుల నరుగదీసినది, ఇరుసరిగి గాలి చొరబడుచున్నది, పైపెంకు పగిలినది.

ఇంకొక చిక్కు గలదు. యింజనును చల్లార్చు నీరును ఆ పంపునుండియే సన్నగొట్టముద్వారా వచ్చును. పడవ వెనుక తగిలించు మోటారు ధర్మమును ఇట్టిదే. దానిలో రబ్బరురేకుల చిన్నచక్రము నదినీటిని దెచ్చి మోటారును చల్లబరచును; ఆ చక్రము చెడిన మోటారు కాగి బిగుసుకొనును.

కుమారుడు క్రొత్త యింజనే కొందమనెను. ఇల్లాలు, "ఇంజనుకేమైంది నాయనా? చెడింది పంపు కదా" అనెను. బిడ్డ పురుటికై దాచిన సొమ్ములోనుండి పంపునకు మాత్రము తీసి యిచ్చెను.

మేస్త్రీ బోల్టులు విప్పి పాతపంపును దింపెను. పాత యట్టవాషరును చెరుపక, దానినే అచ్చుగా బెట్టి క్రొత్తది కత్తిరించెను. నదిలోని ఫుట్‌వాల్వున జిక్కిన నాచును దీసెను. క్రొత్తపంపును నిలిపి, రెండిరుసులును ఒక్క వరుసలో నున్నవో లేవో పలుమారులు చూచి బిగించెను. అత్తయు కోడలును బిందెలతో నీరు దెచ్చి పంపును గొట్టమును నిండబోసిరి. బుడగలు వచ్చుట మానిన పిదప మూత బిగించి, హ్యాండిలు త్రిప్పిరి.

పెద్దధార కాలువలో బడగా నందరు నటు చూచిరి. ఇల్లాలు మాత్రము సన్నగొట్టము క్రింద చేయి పెట్టెను. చల్లని నీరు కొంతసేపటికి గోరువెచ్చనయ్యెను.

"ఈ సన్నధార నిలిస్తే చప్పుడుబట్టే తెలుస్తాదమ్మా. వెంటనే ఆపేస్తాం. పంటొస్తే ఆ దుడ్డు మళ్లీ పెట్టెలో పెడతా" అనెను. పురుటికి మూడు మాసములు గడువున్నదట.

మన యిండ్లలోను మోటారులు పెక్కు గలవు. పాతదని పారవేయుటకు ముందు, చెడిన భాగమేదో యడిగి తెలిసికొందము.