చెంప మీది నలుపు

ఎమ్మిగనూరులో మగ్గము నేసే యింటి బిడ్డ ఒకతె, ఆరాధన ముగిసిన తరువాత ముసుగు తీయకుండానే మా యొద్దకు వచ్చినది. మొటిమల గుంటల నిమిత్తము పట్టణములో ఒక క్లినిక్కున రెండు మార్లు లేజరు చేయించుకొన్నదట. రెండవమారు చెంపలు నల్లబడినవి. వచ్చే నెలలో పెండ్లిచూపులు. "అయ్యగారూ, ఇంకా చేయించుకుంటే ముందుముందు క్యాన్సరు వస్తుందా?" అని అడిగినది.

మునుపైతే "రూపము గూర్చి చింత ఎందుకమ్మా" అని పంపివేసియుందుము. ఆదోనిలో ఒక యౌవనస్థునికి అలాగే చెప్పితిమి. అతడు ఆరు నెలలు గుడి మెట్టు ఎక్కలేదు. గనుక ఈమారు ఆమెను, తల్లిని వెంటబెట్టుకొని కర్నూలులో ఒక చర్మవైద్యుని యొద్దకు వెళ్లితిమి.

ఆయన మొదట క్యాన్సరు భయము తీర్చెను. మచ్చలకు వాడే లేజరు ఎక్స్‌రే వంటిది కాదు, ఎండలోని అతినీలలోహిత కిరణమూ కాదు. అది వేడిచేత పనిచేయును. ఇన్నేండ్ల వాడుకలో దానివలన క్యాన్సరు వచ్చునని తేలలేదు. 1990లలో కార్బన్ డయాక్సైడ్ లేజరుతో పైచర్మమంతయు తీసివేసేవారు. కొందరికి నెలల తరువాత తెల్లని మచ్చలు తేలేవి. 2004లో వెలువడిన ఫ్రాక్షనల్ పద్ధతిలో సూదిమొనలంత చోట్ల మాత్రమే కాల్చి, నడుమ మంచి చర్మమును విడిచిపెట్టుదురు. ఆ మంచి చర్మమే గాయమును త్వరగా మాన్పును.

మన చామనఛాయ వారికి అసలు గండము నలుపే. వేడి తగిలితే రంగు కణములు రేగును. అది సాధారణముగా కొన్ని నెలలలో తగ్గును. తగ్గకముందే మరల కాల్చినా, ఎండలో తిరిగినా ముదురును. ఆదోని ఎండ సంగతి మీకు చెప్పవలెనా! అందుకే మనవంటి వారికి లేజరు తీవ్రత తగ్గించి, ఎక్కువ ఎడము ఇచ్చి చేయవలెనట. ఎన్నిమార్లు చేసినను గుంటలు తగ్గునే గాని పూర్తిగా పోవు.

"ముఖానికి ఏమి పూస్తున్నావమ్మా?" అని ఆయన అడుగగా ఆమె సంచిలోనుండి ఒక ట్యూబు తీసినది. తెల్లబడుటకు మందులషాపులో కొన్నది. అందులో స్టెరాయిడు ఉన్నది. అది చర్మమును పలుచన చేయును, మొటిమలనూ తెచ్చును. అట్టి క్రీములు చీటీ లేక అమ్మరాదని 2018లో ప్రభుత్వము కట్టడి చేసినను అమ్ముచునే యున్నారు.

"నేనే తెచ్చిచ్చినాను సార్, పక్కింటామె చెప్తే" అని తల్లి తలవంచుకొన్నది.

మూడవ సిట్టింగు ఇప్పుడు వద్దనెను. క్రీము ఒక్కసారిగా మానక, తాను చెప్పినట్లు మాన్పించెదననెను. తిరుగు బస్సులో తల్లి ఆరు సిట్టింగులకు ముందే కట్టిన డబ్బును లెక్కించుకొనుచుండెను. బిడ్డ కిటికీ ప్రక్క కూర్చుండి, "చూపులకు ఇట్లనే కూర్చుంటాలే అమ్మా" అన్నది.