పిల్లల తిల్‌గుళ్ డబ్బా గురించి రెండు మాటలు

సంక్రాంతి దగ్గర పడింది కాబట్టి ఇప్పుడే రాస్తున్నాం. ఈసారి పిల్లల్ని గల్లీలో ఇల్లిల్లూ తిరగనివ్వకుండా, హాల్లోనే తలా ఒక ప్యాకెట్ పంచేద్దామని మొన్న మీటింగులో కొందరన్నారు. అది వద్దని మా ఇద్దరి అభిప్రాయం.

మేమిద్దరం అరక్కోణం వైపు వాళ్ళం, చదివింది తమిళ మీడియం. అక్కడ కాణుం పొంగల్ నాడు పెద్దల కాళ్ళకు మొక్కితే చేతిలో చిల్లర పెట్టేవాళ్ళు. రైల్వే ఉద్యోగానికి బొంబాయి వచ్చి కామాఠీపురాలో ఖోలీ తీసుకున్నాకే ఈ ముచ్చట చూశాం. జనవరి 14 సాయంత్రం డబ్బాలు పట్టుకుని పిల్లల గుంపు వస్తుంది. ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లలే, నువ్వులూ బెల్లం తీసుకుని తియ్యగా మాట్లాడమని మాత్రం మరాఠీలో చెప్తారు. వాళ్ళ డబ్బాలోంచి ఒకటి మనకు పెట్టి, మన దగ్గర ఒకటి తీసుకుంటారు. లడ్డూలు, వడీలు, ముళ్ళముళ్ళ చక్కెర హల్వా, ఈ మధ్య టాఫీలు కూడా. తిరిగొచ్చాక డబ్బా అమ్మ చేతికి వెళ్తుంది. అసలు కథ అక్కడే మొదలు.

అమెరికాలో ఉన్న మా మేనల్లుడి ఇంట్లోనూ ఇలాంటిదే ఉంది, అక్టోబర్ 31న. పిల్లలు సంచీ నింపుకొచ్చాక నేల మీద బోర్లించి, కాగితం ఊడినవన్నీ తీసేసి, మిగిలినవి రోజుకు రెండు చొప్పున ఇస్తారట. ఎవరో తెలియనివాళ్ళు విషం కలుపుతారని భయం. 1974లో టెక్సాస్‌లో ఆ పండుగ రోజు విషం కలిసిన మిఠాయి తిని ఒక పిల్లవాడు చనిపోయిన మాట నిజమే. కానీ అది పెట్టింది తలుపు తీసిన పరాయివాడు కాదు, ఇన్సూరెన్సు డబ్బు కోసం కన్నతండ్రే.

మన దగ్గర భయం విషం గురించి కాదు. పైకి ఎవరూ అనరు గానీ, హాలు ప్యాకెట్టు ఆలోచన వెనక ఉన్నది ఏ తలుపు అన్న ప్రశ్నే. నిజాం రాజ్యం వైపు నుంచి కూలికొచ్చి ఈ ఊళ్ళో ఇళ్ళు కట్టిన కామాఠీల పేరు మీద ఉన్న పేట ఇది. బయటివాళ్ళకు మాత్రం ఆ పేరు చెప్తే ఒకటే అర్థం. ఆ గదులు మన గల్లీలోనే ఉన్నాయి, అక్కడి ఆడవాళ్ళలో తెలుగువాళ్ళూ ఉన్నారు. పిల్లలు వెళ్తే గుప్పెడు గుప్పెడు పోస్తారు. కొన్ని ఇళ్ళలో తల్లులు డబ్బా తెరిచి, ‘ఇది ఎవరిచ్చారు, అది ఎవరిచ్చారు’ అని అడిగి, ఆ గదుల లడ్డూలు వేరు చేసి కచరాలో వేస్తారు. పిల్లలు చూడరనుకుంటారు. ఆరేళ్ళ పిల్లకు కూడా అర్థమవుతుంది.

కొత్తగా వచ్చినవాళ్ళకు ఒక సంగతి చెప్పాలి. మిల్లుల సమ్మె మొదలైంది 1982 జనవరి 18న, సంక్రాంతి అయిన నాలుగో రోజు. మరుసటి సంక్రాంతికి మా చాల్లో చాలా ఖోలీల్లో నువ్వులు కొనే స్థితి లేదు. పిల్లలు ఖాళీ డబ్బాలతోనే బయలుదేరారు. ఆ ఏడు వాళ్ళ డబ్బాల్లో సగానికి పైగా ఆ గదుల నుంచి వచ్చినవే. ఒక్క లడ్డూ కూడా పారేసినట్టు మేము చూడలేదు. పక్క ఖోలీలో ఉన్న మిల్లు కార్మికుడు డబ్బా మధ్యలో పెట్టి, ముందు తానొకటి నోట్లో వేసుకుని, తర్వాత నలుగురు పిల్లలకూ సమంగా పంచేవాడు. లెక్కలో రైల్వే క్లర్కులం మేమే ఓడిపోయేవాళ్ళం!

డబ్బా చూడొద్దని మేము అనడం లేదు, తప్పకుండా చూడాలి. రేగుపళ్ళ గింజలు, గట్టి హల్వా మూడేళ్ళ లోపు వాళ్ళ గొంతులో అడ్డం పడతాయి, భోగిపళ్ళు పోసినప్పుడు కూడా వెంటనే ఏరేయాలి. పాకం బూజు పట్టిందేమో చూడండి. చక్కెరవి తగ్గించి బెల్లానివి ముందు పెట్టండి. వేరు చేసేది వస్తువును చూసి, ఇచ్చిన మనిషిని చూసి కాదు.

మా సూచన ఇది. ఇవ్వదలచుకున్నవాళ్ళు గుమ్మం ముందు చిన్న ముగ్గు వేస్తే చాలు, పిల్లలు ముగ్గున్న తలుపే తడతారు. చిన్నవాళ్ళ వెంట ఒక పెద్దమనిషి వెళ్ళాలి. రాత్రంతా మెలకువగా ఉండి పగలు నిద్రపోయేవాళ్ళున్నారు కాబట్టి నాలుగు దాటాకే బయలుదేరాలి. పేటంతా కూల్చి టవర్లు కడతారన్న మాట నడుస్తూనే ఉంది. వాచ్‌మన్ వచ్చాక ఎవరి తలుపు ఎవరు తడతారో చూద్దాం.

ఆదివారం మీటింగుకు అందరూ రండి, చేతులెత్తే ముందు మాట్లాడుకుందాం. మా గుమ్మం ముందు ముగ్గు ఉంటుంది. రెండో అంతస్తు పాపకు వేరుశెనగ పడదు కాబట్టి ఈసారి లడ్డూల్లో ఒట్టి నువ్వులే.