కంపెనీ కూలినా ఆగని 108

సికింద్రాబాద్ నుంచి మేడ్చల్ వెళ్లే దారిలో, కొంపల్లి దాటాక దేవరయాంజాల్. 108 అంబులెన్సులు నడిపే ఈఎంఆర్‌ఐ ఆవరణ అక్కడే. కాల్ సెంటర్ హాల్లో అడుగుపెట్టగానే నలువైపుల నుంచీ ఒకటే ప్రశ్న: "ఏ ఊరమ్మా? దగ్గర్లో గుడి గానీ బడి గానీ ఉందా?" భయంతో తడబడే మనిషి నోట ఊరు, మండలం, ఆనవాలు రాబట్టాలి. ఓ అమ్మాయి పురిటి నొప్పుల కేసు రాసుకుంటుంటే పక్కన నిలబడ్డాను. వేళ్లు కీబోర్డు మీద, మాట మాత్రం అవతల కంగారుపడుతున్న అత్తగారి మీద. ఇంతలో అంబులెన్సు పైలట్ (డ్రైవరు) లైన్లోకి వచ్చాడు. ఆ అమ్మాయి మరో కాల్ ఎత్తింది.

2009లో ఈ ఫోన్లు ఎలా ఆగకుండా ఉన్నాయో తెలుసుకోవాలని వెళ్లాను. సత్యం కంప్యూటర్స్ రామలింగరాజు 2005 ఆగస్టు 15న మొదలుపెట్టిన సేవ ఇది. లోకమంతా మాంద్యంలో ఉండగా, 2009 జనవరి 7న సత్యం లెక్కలు బూటకమని ఆయనే లేఖ రాశారు.

"టీవీలో ఆ వార్త చూస్తూనే ఫోన్లు ఎత్తాం సార్. కాన్పులూ యాక్సిడెంట్లూ ఆగవు కదా" అన్నారు అప్పటి నుంచీ ఉన్న ఉద్యోగి ఒకరు. జీతాల బెంగ మాత్రం అందరికీ ఉండేదట.

సిబ్బంది గుండెనిబ్బరానికి తోడు ఒప్పందం కాపాడింది. అప్పటికే నిర్వహణ ఖర్చులో 95 శాతం దాకా ప్రభుత్వం భరించేలా రాసుకున్నారు. దాత అయిన రాజు చేతిలో ఉన్నది నాయకత్వం, శిక్షణ, సాంకేతికత. అందుకే అదే ఏడాది జీవీకే అనే మరో వ్యాపార సంస్థ వచ్చి ఆ చోట నిలబడగలిగింది. తర్వాత జీవీకే కూడా అప్పుల్లో పడి ముంబై విమానాశ్రయం వదులుకుంది. అయినా 108 ఆగలేదు. ఇప్పుడు దాన్ని నడిపే సంస్థ పేరు ఈఎంఆర్‌ఐ గ్రీన్ హెల్త్ సర్వీసెస్.

రాజు కుటుంబమే 2001లో పెట్టిన బైర్రాజు ఫౌండేషన్‌కు అలాంటి ఆసరా లేదు. పల్లెల్లో వైద్యం, చదువు, మంచినీళ్లు అన్నీ చూసిన ఆ సంస్థ పని 2009 తర్వాత బాగా కుదించుకుపోయింది. జనం డబ్బు కట్టి, ఊరి కమిటీ నడుపుకునే నీళ్ల ప్లాంట్లకైతే సాగే దారి మిగిలింది. ఒక్క ఇంటి ఖజానా మీదే ఆధారపడ్డ పని ఎంత మంచిదైనా ప్రమాదంలో ఉన్నట్టే.

కంపెనీలు ఇచ్చే ఇలాంటి నిధులకు ఇప్పుడు చట్టం ఉంది. 2014 ఏప్రిల్ నుంచి పెద్ద కంపెనీలు గత మూడేళ్ల సగటు నికర లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు చేయాలి. ఈ మూడేళ్ల సగటులో ఓ మేలుంది, దాన్ని ఎవరూ సరిగా వాడుకోవడం లేదు. ఈ ఏడాది లాభం పడిపోతే ఆ దెబ్బ వచ్చే ఏడాది నిధులపై పడుతుంది, అదీ మూడేళ్లకు పంచుకుని. అంటే ఎంత తగ్గబోతోందో కంపెనీ లెక్కల విభాగానికి ముందే తెలుస్తుంది. ఆ సంగతి ఈ నిధులతో నడిచే అనాథాశ్రమానికో డయాలసిస్ కేంద్రానికో మార్చి నెలాఖరున, చెక్కు రానప్పుడు తెలియడం అన్యాయం. నర్సును అప్పటికప్పుడు మాన్పించలేరు, రోగిని అంతకన్నా మాన్పించలేరు. పైగా ఒక ఏడాది ఎక్కువ ఖర్చు పెడితే ఆ అదనాన్ని తర్వాతి మూడేళ్లలో సర్దుకునే వీలు కూడా చట్టం ఇచ్చింది.

కంపెనీ పెద్దలకు నా మనవి ఇదే. లాభాలున్న ఏడాదే మూడేళ్లకు మాట రాసివ్వండి. తగ్గించక తప్పకపోతే ఆర్నెల్ల ముందు చెప్పండి. తగ్గించేటప్పుడు కొత్త భవనం ఆపండి, జీతాల పద్దు ముట్టుకోకండి.